మందుకు ముందు మాట

(ఎర్రుపాలెంలో చేసిన స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



ఎవరి జ్ఞాపకార్థం ఇవాళ ఇక్కడ కూర్చున్నామో ఆమె పేరు మీ అందరికీ తెలుసు. అచ్చులో మాత్రం పేరు వేయొద్దని ఆమె పిల్లలు కోరారు. వార్డులోనూ, ఊళ్లోనూ, స్టేషన్ దగ్గర టీ బంకులోనూ ఆమెను అందరూ సిస్టరమ్మ అనే పిలిచారు. నేనూ అలాగే అంటాను.

పెద్ద ఆపరేషన్ అంటే మన వాళ్లు మధిరకో, ఖమ్మానికో, ఎక్కువగా బెజవాడకో రైలెక్కుతారు. ఉద్యోగం విరమించాక సిస్టరమ్మ ఇల్లు స్టేషన్‌కు దగ్గర్లోనే ఉండేది. రేపు ఆపరేషన్ అనగా ఈరోజు సాయంత్రం, చేతిలో స్కానింగ్ కవర్లు, క్యారేజీ పట్టుకుని జనం ఆమె అరుగు మీదికి వచ్చేవాళ్లు. ఆమె ఇంజెక్షన్ ఇవ్వదు, బిళ్ల ఇవ్వదు. అడుగుతుంది. ఏం మందులు వాడుతున్నావు? ఏ బిళ్ల తెల్లగా, ఏది గులాబీ రంగులో? కల్లు తాగుతావా, తాగితే రోజూనా? చేలో మందు కొట్టి ఎన్ని రోజులైంది? పళ్లు కదులుతున్నాయా? ఇంతకుముందు మత్తు ఇచ్చారా? ఇస్తే ఎలా తేరుకున్నావు? చివర్లో ఒక ప్రశ్న తప్పనిసరిగా ఉండేది: మీ ఇంట్లో ఎవరికైనా, మేనత్తకో, పెదనాన్నకో, ఆపరేషన్ అయ్యాక శ్వాస రావడం ఆలస్యమైందా? జవాబులన్నీ ఒక చీటీ మీద రాసి, డాక్టరు చీటీకి గుండుసూదితో గుచ్చి పంపేది.

ఆ చివరి ప్రశ్న ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఆ రాత్రి ఆమె పక్కన నేనూ ఉన్నాను. ఇవాళ్టి నా ఉపన్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

1994 ఎండాకాలం. ఆసుపత్రి పేరు అవసరం లేదు. నేను స్టాఫ్ నర్సుగా చేరి ఏడాది కాలేదు, సిస్టరమ్మ థియేటర్ ఇన్‌చార్జి. కిరాణా కొట్టు వాళ్ల అమ్మాయి, తొలికాన్పు, బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోతోంది. నడుముకు ఇంజెక్షన్ చేసే వ్యవధి లేదని మత్తు డాక్టరు గారు ఫుల్ మత్తుకే వెళ్లారు. నిద్రకు థయోపెంటోన్, వెంటనే కండరాలను వదులు చేసే స్కోలిన్. వొళ్లంతా సన్నగా అదిరి, వదులైంది. గొట్టం వేశారు. మూడు నిమిషాల్లో బిడ్డ బయటపడి కేరుమంది. కుట్లు వేయడం పూర్తయింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ అమ్మాయి మాత్రం పీల్చుకోలేదు.

స్కోలిన్ పనిచేసేది ఐదు నుంచి పది నిమిషాలు. పావుగంటైంది, అరగంటైంది. ఛాతీ కదలదు, వేలు కదలదు. గాలి బ్యాగు నొక్కుతుంటేనే ఛాతీ లేస్తోంది. కుర్ర డాక్టరు ఒకరు "నియోస్టిగ్మిన్ ఇద్దామా?" అన్నారు. మత్తు డాక్టరు గారు వద్దన్నారు. మిగతా కండర సడలింపు మందులకు నియోస్టిగ్మిన్ విరుగుడు. స్కోలిన్ విషయంలో మాత్రం దాన్ని విరిచే ఎంజైమునే అది అడ్డుకుంటుంది, ఉన్న కష్టం రెట్టింపవుతుంది. చేయాల్సింది ఒక్కటే, బ్యాగు నొక్కుతూ ఆగడం.

అప్పుడు సిస్టరమ్మ ఆ అమ్మాయి ముఖం మీదికి వంగింది. మూసిన రెప్పల చివర, చెవి వైపుగా, ఒక చుక్క నీరు జారి ఉంది. నాడి పట్టుకుంటే నూట నలభై. "సార్, అమ్మాయికి మెలకువ ఉంది" అన్నది. థయోపెంటోన్ మత్తు కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, ఆపరేషన్ మధ్యలో ఇచ్చిన మత్తు వాయువును అప్పటికే ఆపేశారు. స్కోలిన్ నిద్ర ఇవ్వదు, నొప్పి తగ్గించదు, వొంటిని కట్టేస్తుంది అంతే. అంటే ఆ పిల్ల అన్నీ వింటోంది, కుట్ల నొప్పి తెలుస్తోంది, చిటికెన వేలు కూడా కదపలేదు. సార్ వెంటనే నిద్రకు మందిచ్చారు. మందు ఎక్కేలోపు సిస్టరమ్మ చెవి దగ్గర నోరు పెట్టి, మామూలు గొంతుతో చెప్పింది: "అమ్మా, పాప పుట్టింది. ఏడ్చింది కూడా, విన్నావు కదా. నీ ఊపిరి మేం తీస్తున్నాం. నీకేం కాలేదు. మందు దిగేదాకా పడుకో." ఆ మాటలు నాకు ఇప్పటికీ అదే గొంతులో వినిపిస్తాయి.

నాలుగు గంటలకు పైగా మార్చి మార్చి బ్యాగు నొక్కాం. తెల్లవారుతుండగా ముందు బొటనవేలు కదిలింది. బయట వరండాలో ఆ అమ్మాయి తల్లికి సంగతి చెబితే ఆమె నోటి మీద చెయ్యి వేసుకుని, "మా ఆడబిడ్డకు బెజవాడలో ఇట్లాగే అయిందమ్మా, సాయంత్రం దాకా మిషను మీదే ఉంచారు. మీరు అడగలేదు, నాకు తోచలేదు" అన్నది.

మీరు అడగలేదు. తప్పు పట్టే గొంతు కాదు ఆమెది. అడిగి ఉండాల్సినవాళ్లం మేమే. డాక్టరుగారు బిడ్డ గుండె చూసుకునే హడావిడిలో ఉన్నారు. కేస్ షీటు రాసింది నేను. ఎలర్జీ ఉందా అని అడిగాను, చివరిసారి ఎప్పుడు తిన్నావని అడిగాను. స్కోలిన్ ఎలా విరుగుతుందో నాకు తెలిసి ఉంటే ఆ మూడో ప్రశ్న కూడా నా నోట వచ్చేది. నర్సు మందు గురించి ఎందుకు చదవాలి, ఇచ్చేది డాక్టరే కదా అనేవాళ్లకు నేనిచ్చే సమాధానం అదే. తెలియని మందు గురించి ఎవరూ ప్రశ్న అడగలేరు.

ఇక ఆ మందు సంగతి. దాని అసలు పేరు సక్సినైల్‌కోలిన్. 1951 ప్రాంతంలో వాడకంలోకి వచ్చింది. సిరలో పడ్డ మందులో చాలా భాగం కండరాన్ని చేరకముందే రక్తంలోనే విరిగిపోతుంది. విరిచేది సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము, కాలేయం తయారుచేస్తుంది. అది సరిగా లేనివాళ్లలో మందంతా కండరాల మీద పడి గంటల తరబడి కూర్చుంటుంది. ఈ ఎంజైములో పుట్టుకతో వచ్చే తేడాను ప్రయోగశాలలో కొలిచే పద్ధతిని 1957లో టొరంటోలో వెర్నర్ కలో చూపించాడు. డిబుకెయిన్ అనే మందుతో చేసే పరీక్ష కాబట్టి డిబుకెయిన్ నంబర్ అంటారు. మామూలు వాళ్లలో ఎనభై దరిదాపుల్లో ఉంటుంది.

ఇది ఎక్కడో దేశం కాని దేశం సంగతి అనుకునేరు. ప్రపంచంలో ఈ లోపం ఎక్కువగా కనిపించే సమాజాల్లో ఒకటి మన ఆర్యవైశ్య సమాజం. దక్షిణాదిలో పాతకాలపు మత్తు డాక్టర్లకు ఈ సంగతి అనుభవం మీద తెలుసు. 2006లో దీని వెనుక ఉన్న జన్యుమార్పును గుర్తించి ప్రచురించారు: ఎంజైము గొలుసులో 307వ స్థానంలో ల్యూసిన్ ఉండాల్సిన చోట ప్రోలిన్ ఉంటుంది. ఒక్క పూస మారితే దండ తీరే మారిపోయింది. 2017లో హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్ గారు, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ మరికొందరితో కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులను పరిశీలించి నేచర్ జెనెటిక్స్‌లో వ్యాసం రాశారు. అందులో వైశ్యుల ప్రస్తావన ప్రత్యేకంగా ఉంది. జనాభా 30 లక్షల పైమాటే అయినా, తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు జరగడం వల్ల, ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల్లో ఉన్న మార్పు ఇందరికీ పంపకమైంది. మిగతావాళ్లతో పోలిస్తే ఈ లోపం దాదాపు వంద రెట్లు ఎక్కువని అందులో చెప్పారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సభలో ఆ కుటుంబాల వాళ్లున్నారు, ఎవరూ బెదరొద్దు. ఇది జబ్బు కాదు. ఈ ఎంజైము లేకపోతే తిండికి, పనికి, పిల్లలు పుట్టడానికి ఏ అడ్డూ లేదు. నూరేళ్లు బతికినా బయటపడకపోవచ్చు. స్కోలిన్ లాంటి ఒకటి రెండు మందులు పడ్డప్పుడే బయటపడుతుంది. ముందే తెలిస్తే మత్తు డాక్టరు రోక్యురోనియం లాంటి మరో మందు వాడతారు, కథ అక్కడితో సరి. కులం అడగడానికి మొహమాటపడే సిస్టర్లకు సిస్టరమ్మ చెప్పిన ఉపాయం మంచిది: కులం అడగొద్దు, ఇంట్లోవాళ్లకు మత్తు ఎలా దిగిందో అడుగు. ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు కాబట్టి అందరినీ అడుగు.

పుట్టుకతో సంబంధం లేకుండా కూడా ఈ ఎంజైము పడిపోతుంది. మన మండలం మిర్చికీ పత్తికీ పెట్టింది పేరు. తోటలో కొట్టే మోనోక్రోటోఫాస్ వంటి పురుగుమందులు చేసే పని సరిగ్గా ఇదే, ఎంజైమును కట్టేయడం. ముక్కుకు గుడ్డ కూడా లేకుండా వారం రోజులు మందు కొట్టిన మనిషి, ఎనిమిదో రోజు అపెండిసైటిస్‌తో వస్తే, అతని రక్తంలో స్కోలిన్‌ను విరిచే శక్తి ఎంత మిగిలి ఉందో పైకి కనపడదు. పురుగుమందు తాగి బతికి బయటపడ్డవాళ్లలో ఎంజైము మామూలు స్థితికి రావడానికి వారాలు పడుతుంది. "చేలో మందు కొట్టి ఎన్ని రోజులైంది" అని సిస్టరమ్మ అడిగితే, ఇది వ్యవసాయాధికారి అడగాల్సిన మాట కదా అని నవ్వినవాళ్లున్నారు.

కల్లు సంగతి. తాటికల్లు మన సీమలో అమ్మ పాల తర్వాతి పాలు, దాని మీద నాకు తగాదా లేదు. తెలంగాణలో చాలా చోట్ల సీసాల్లో వచ్చే కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారని ఎక్సైజ్ వాళ్లు ఏళ్ల తరబడి కేసులు పెడుతూనే ఉన్నారు. అవి మత్తుమందుల కుటుంబంలోవే. రోజూ అవి వొంట్లోకి వెళ్లే మనిషికి ఆపరేషన్ ముందు నిద్రకు మిడజోలం ఇస్తే మామూలు మోతాదు చాలదు. చేర్చుకున్నాక కల్లు ఆగిపోతుంది. రెండో రోజో మూడో రోజో చేతులు వణుకుతాయి, లేని పాములు కనపడతాయి, మంచం మీంచి లేచి పరుగెడతాడు, ఫిట్స్ కూడా రావచ్చు. వార్డులో అందరూ "ఆ రోజు మత్తు ఎక్కువైంది" అంటారు. అది తక్కువైన మత్తు. ఈ సంగతి తెలిసిన నర్సు తాగుతావా అని మందలింపుగా అడగదు. మందలించి అడిగితే మన వాళ్లు అబద్ధం చెబుతారు. రోజుకు ఎన్ని సీసాలన్నా అని మామూలుగా అడిగితే లెక్క చెబుతారు.

పరగడుపు విషయంలోనూ అంతే. నీరసపడుతుందని ముసలమ్మలు తెల్లారుజామున గ్లాసుడు టీ పోస్తారు. మంచినీళ్లయితే మత్తుకు రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. పాలు పోసిన టీ మాత్రం కడుపుకు అన్నం లెక్కే, ఆరు గంటలు ఆగాలి. ఈ తేడా చెప్పకుండా "ఏమీ పెట్టొద్దు" అని బోర్డు తగిలిస్తే పెద్దామె దృష్టిలో టీ ఏమీ కిందే లెక్క.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళదాం. మత్తుమందు గురించి ప్రపంచమంతా వాదులాడుకున్న రోజుల్లో ఆ వాదానికి కేంద్రం మన హైదరాబాదు. క్లోరోఫాం ఇస్తే ముందు ఆగేది శ్వాసా, గుండా? హైదరాబాదు మెడికల్ స్కూల్‌ను నడిపిన ఎడ్వర్డ్ లారీ శ్వాసే అన్నాడు. 1888లో ఒక కమిషన్, లండన్‌లో నమ్మకపోతే 1889లో రెండోది. నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఖర్చు పెట్టుకుంటే లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ను పంపింది. వందల కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి, శ్వాసే ముందు ఆగుతుందని, శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలని తేల్చారు. ఆ స్కూల్లోనే చదివి 1889లో బయటికొచ్చిన పార్సీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చే పనే వృత్తిగా పెట్టుకుంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను చెప్పుకుంటారు. 1909లో ఎడిన్‌బరో వెళ్లి మళ్లీ చదువుకుంది.

శ్వాసను చూడమన్న మాట బంగారం లాంటిది. నాడి సంగతి వదిలేయమన్న మాటే తప్పు. 1911లో గుడ్‌మన్ లెవీ, లోతు చాలని క్లోరోఫాం మత్తులో గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోగలదని చూపించాడు. అంత పెద్ద కమిషన్ సగం నిజం చూసి పూర్తి నిజం అనుకుంది. నా ఆలోచన రూపాబాయి మీదికి పోతుంది. వాళ్ల సిద్ధాంతం ఏదైనా కానీ, గుడ్డ మీద చుక్కలు వేస్తూ రోగి ముఖం మీదికి వంగి కూర్చున్నది ఆమె. పెదవి రంగు మారడం, గొంతులో గుర్రు రావడం, రెప్ప కదలడం ఆమె కళ్ల ముందు జరిగాయి. అమెరికాలో మేయో సోదరుల దగ్గర ఆలిస్ మగావ్ అనే నర్సు అదే రీతిలో ఈథర్ చుక్కలు వేస్తూ, రోగితో మెల్లగా మాట్లాడుతూ, 14 వేలకు పైగా మత్తులు ఇచ్చి మత్తు కారణంగా ఒక్క ప్రాణమూ పోలేదని 1906లో రాసింది. మన దేశంలో మత్తు ఇచ్చే పని డాక్టర్లదే, నేను దాన్ని మార్చమనడం లేదు. కనిపెట్టి చూసే పని మాత్రం ఏ దేశంలోనైనా మనదే. ఆ రాత్రి కంటి చివర నీటిచుక్కను చూసింది నర్సే.

ఇక్కడున్న చిన్న సిస్టర్ల కోసం ట్రే దగ్గరి సంగతి ఒకటి. నడుముకు ఇచ్చే బుపివకెయిన్‌ను మనం హెవీ అంటాం. రక్తస్రావం ఆపే ట్రనెగ్జామిక్ యాసిడ్ కూడా కాన్పు థియేటర్లో అదే ట్రేలో ఉంటుంది. కొన్ని కంపెనీల ఆంప్యూళ్లు అన్నదమ్ముల్లా ఉంటాయి. హెవీ బదులు అది వెన్నులోకి వెళ్లిన 21 కేసులను 2019లో ఒక వైద్యపత్రిక సమీక్షించింది. పదిమంది చనిపోయారు. అది సిరలో మంచి మందు, వెన్నులో నిప్పు. రెండింటినీ ఒకే గిన్నెలో పెట్టొద్దు. ఒకటి ట్రేలో ఉంటే రెండోది అల్మరాలో ఉండాలి. సిస్టరమ్మ లేబుల్‌ను మూడుసార్లు పైకి చదివేది: తీసేటప్పుడు, తల విరిచేటప్పుడు, అందించేటప్పుడు. రోగి థియేటర్ దాటేదాకా ఖాళీ ఆంప్యూళ్లను పారేయనిచ్చేది కాదు, కిడ్నీ ట్రేలో వరుసగా నిలబెట్టించేది. ఏదైనా తేడా వస్తే మొదట వెతకాల్సింది అక్కడే కదా. స్కోలిన్ వయల్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చలిలో ఉంచాలి. టీకాలు ఉంచే ఐఎల్‌ఆర్ ఫ్రిజ్‌లో మరో మందు పెట్టకూడదు. కరెంటు పోయే ఆ రోజుల్లో ఆమె వయల్ మీద, ఎన్నో తారీఖున ఫ్రిజ్ బయట ఎంతసేపు ఉందో ప్లాస్టరు అంటించి రాసేది. ఫ్రిజ్‌లో పెట్టండి అని చెప్పడం ఎవరైనా చెబుతారు, బయట ఉన్న గంటలు లెక్కరాసిన మనిషిని నేను ఆమెనే చూశాను.

తర్వాత నేను భద్రాచలం ఏజెన్సీ వైపు కొన్నేళ్లు పనిచేశాను. కీటమిన్ ఇచ్చిన కోయ తల్లి ఒకామె తేరుకుంటూ చేతులు గాల్లో ఆడించి, ఎవరితోనో మాట్లాడసాగింది. గాలి సోకిందని బంధువులు బయటికి ఎత్తుకుపోబోయారు. కీటమిన్ దిగేటప్పుడు కలలు వస్తాయి, వెలుగు, చప్పుడు ఎక్కువైతే అవి భయపు కలలవుతాయి. నేను లైటు తీయించి, ఆమె చెల్లెలిని పక్కన కూర్చోబెట్టి, వాళ్ల భాషలోనే మెల్లగా పేరు పెట్టి పిలవమన్నాను. గంటలో నీళ్లడిగింది. గూడేల నుంచి వచ్చేవాళ్లను సికిల్ సెల్ గురించి కూడా అడగాలి. ఉంటే వాళ్ల వొళ్లు చల్లబడనీయకూడదు, నీరు తగ్గనీయకూడదు. మత్తుమందు కన్నా థియేటర్ చలి వాళ్లకు ఎక్కువ చేటు.

సిస్టరమ్మ పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. గుర్తుపట్టలేదు. 1994లో ఆ బల్ల మీద ఉన్న అమ్మాయి. ఆ రోజు పుట్టిన పాప ఇప్పుడు తల్లి, ఉండేది హైదరాబాదులో. పర్సు తెరిచి ఒక చీటీ చూపించింది, లామినేషన్ చేయించి ఉంది. ఇంట్లో పదకొండు మందికీ తలా ఒకటి చేయించారట, అమెరికాలో ఉన్న తమ్ముడి కుటుంబానికి ఇంగ్లీషులో. దాని మీద సిస్టరమ్మ గుండ్రటి చేతిరాత: "స్కోలిన్ ఇవ్వవద్దు. మేనత్తకు, తనకు శ్వాస గంటల కొద్దీ ఆలస్యం. మత్తు డాక్టరుకు మొదట ఇది చూపించండి." కింద తేదీ వేసి ఉంది. ఆమె ఆ మాటలు ఇంకా గుర్తున్నాయంది. పాప పుట్టింది, విన్నావు కదా అన్న మాటలు.